నాన్నగారి సోడాబుడ్డి అద్దాలు

కిందటి మాఘమాసంలో నా కుడి కంటి శుక్లం తీసి కృత్రిమ కటకం అమర్చారు. ఎడమ కన్ను ఇంకా పాతదే. అప్పటినుండి నాకొక వింత వ్యాపకం పట్టుకున్నది. ఒకసారి కుడి కన్ను, ఒకసారి ఎడమ కన్ను మూసి లోకాన్ని పోల్చి చూసుకోవడం. "వీధరుగు మీద కూర్చుని ఆ పని చేయకండి, దారిన పోయేవాళ్ళు కన్ను కొడుతున్నారనుకుంటారు" అని మా ఇంటావిడ మందలించింది. అరవై దాటిన బడిపంతులికి ఆ అపవాదు కూడా ఎందుకని ఇప్పుడు పెరట్లో కూర్చుంటున్నాను.

ఎడమ కంటికి నా పంచె పాత తాటాకు రంగులో కనిపిస్తుంది. కుడి కంటికి అదే పంచె ఇప్పుడే ఉతికి ఆరవేసినట్లు తెల్లగా, ఆ తెలుపులో రవంత నీలి ఛాయతో కనిపిస్తుంది. మా పెరటి శంఖుపుష్పం ఇంత నీలమని పదేళ్ళుగా మరచిపోయాను. మరచిపోయానని కూడా తెలియలేదు. కంటిలోని సహజ కటకం వయసుతో పాటు పసుపుబారి, నీలి కాంతిని కొంచెం కొంచెంగా మింగేస్తుంది. అది ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే, రంగు మారినది లోకమో కన్నో పోల్చుకోవడానికి మనకు రెండవ సాక్షి ఉండడు. ఇప్పుడు నా ముఖం మీదనే ఆ ఇద్దరు సాక్షులూ ఉన్నారు.

ఎడమ కంటికి ఏ కటకం వేయించుకోవాలన్నది తేల్చుకోవలసి వచ్చి, దాని పూర్వాపరాలు తెలుసుకుందామని పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాను. తిరగవేయగా తిరగవేయగా దారి మా నాన్నగారి దగ్గరకు తీసుకుపోయింది.

ముందు కొంచెం మాటల సంగతి. పండితుడనన్న పేరు పడ్డాక ఈ జబ్బు తప్పదు. శుక్లమంటే తెలుపు. ముదిరిన కంటిపాప తెల్లగా కనబడుతుంది కనుక ఆ పేరు. హిందీవారు ముత్యపు బిందువు అన్నారు. అరబ్బు వైద్యులు కంటిలోకి నీరు దిగడం అన్నారు. దానిని లాటినులోకి తెచ్చినవారు జలపాతమనే అర్థమున్న మాట పెట్టగా, ఇంగ్లీషులో కాటరాక్ట్ అయింది. మన ఆయుర్వేదంలో మూడు దశలున్నాయి: మొదట తిమిరం, తరువాత కాచం, చివరకు లింగనాశం. నన్ను ఆపినది ఆ నడిమి మాట. కాచమంటే గాజు. మన గాజు అనే మాట దాని తద్భవమే. కంటికి వచ్చిన రోగానికి గాజు పేరు పెట్టిన జాతి, ఆ రోగానికి గాజునే మందుగా వాడే రోజు వస్తుందని ఊహించి ఉండదు.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో ఈ చికిత్స వివరంగా ఉన్నది. యవగింజ మొన వంటి మొన కలిగిన శలాకతో, కణత వైపునుండి తెల్లగుడ్డులో పొడవాలి. ఎడమ కంటిని కుడి చేతితో, కుడి కంటిని ఎడమ చేతితో చేయాలి. సరిగా గుచ్చుకుంటే చిన్న శబ్దమై ఒక నీటిబొట్టు వస్తుంది. స్తన్యంతో తడపాలి. రోగికి రూపాలు కనబడగానే శలాక తీసి, నేతిలో తడిపిన దూది పెట్టి కట్టు కట్టాలి. ఆ తరువాత తుమ్మరాదు, దగ్గరాదు, త్రేన్చరాదు, ఉమ్మరాదు. వెల్లకిల పడుకోవాలి. ఇందులో కటకాన్ని లోపలికి పడదోశారా, కొంత బయటికి తీశారా అన్న విషయమై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. లోకమంతా వ్యాపించినది మాత్రం పడదోసే పద్ధతే. మసకబారిన కటకం చూపు దారికి అడ్డు తప్పుకుని కంటి అడుగున పడి ఉండేది. చూపు కొంత వచ్చేది, చాలామందికి కొంతకాలానికి చీము పట్టో వాపు వచ్చో ఆ కొంతా పోయేది. జర్మనీ సంగీతకారుడు బాఖ్ కళ్ళకు 1750లో ఒక ఊరూరు తిరిగే ఇంగ్లీషు వైద్యుడు రెండుసార్లు ఈ పని చేశాడు. ఆ జూలైలోనే బాఖ్ చనిపోయాడు. అప్పటికి మూడేళ్ళ ముందే, 1747లో, ఫ్రాన్సు దేశపు జాక్ డావియేల్ కటకాన్ని పడదోయక కోసి బయటికి తీయడం మొదలుపెట్టాడు.

తీసిన చోట ఏమి పెట్టాలి? రెండు వందల ఏళ్ళు ఎవరూ ఏమీ పెట్టలేదు. 1795 ప్రాంతంలో డ్రెస్డెన్‌లో కాసామాటా అనే ఆయన గాజు కటకం పెట్టి చూశాడనీ, అది వెంటనే కంటి అడుగుకు జారిపోయిందనీ చెబుతారు. ఆ ఒక్కటి తప్ప, ఖాళీ అయిన కంటికి దిక్కు బయటి అద్దాలే.

ఇక మా నాన్నగారు.

1973లో మా ఊరికి పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న పట్టణపు హైస్కూలులో కంటి శిబిరం పెట్టారు. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. అవి మన దేశంలో శిబిరాల రోజులు. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం. సి. మోదీ ఒకే రోజున 833 శుక్ల శస్త్రచికిత్సలు చేశారని గిన్నిస్ పుస్తకంలో ఉన్నది. మేము వెళ్ళిన శిబిరం అంత పెద్దది కాదు. తరగతి గదులలో బెంచీలు తీసివేసి చాపలు పరిచారు. నాన్నగారి రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసుక మూటలు పెట్టారు. దగ్గవద్దు, తుమ్మవద్దు అని చెప్పిపోయారు. సుశ్రుతుడు చెప్పిన పథ్యమే అని ఇప్పుడు అనిపిస్తుంది. గంజి చెంచాతో పోస్తూ నేను పక్కన కూర్చున్నాను. నల్లబల్ల మీద అంతకుముందు ఎవరో వేసిన లెక్క చెరపకుండా అలాగే ఉన్నది.

ఆయనకు చేసినది కటకాన్ని దాని సంచితో సహా మొత్తంగా తీసివేసే పద్ధతి. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో జలంధరులో హెన్రీ స్మిత్ అనే ఐర్లండు వైద్యుడు వేల కొలదిగా ఈ రకం శస్త్రచికిత్స చేయడం వలన దానికి లోకంలో "ఇండియన్ ఆపరేషన్" అనే పేరు కూడా వచ్చింది. ఆ సంచి విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆరు వారాల తరువాత సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. నాన్నగారు మా ఊరి రామాలయంలో ఏటా కార్తీకంలో భాగవతం చదివి అర్థం చెప్పేవారు. రెండేళ్ళుగా ఆగిపోయిన ఆ పఠనం మళ్ళీ సాగుతుందని ఊరంతా సంతోషించింది. అక్షరం కనబడింది, నిజమే. కానీ ఇంట్లో వేరే కథ మొదలైంది. మజ్జిగ చెంబు తీసుకుని గ్లాసులో పోసుకోబోతే, ధార గ్లాసుకు ఇవతల నేల మీద పడింది. మేము పిల్లలం నవ్వాము. నేను అందరికంటె గట్టిగా నవ్వాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తరువాత ఆయన ఎప్పుడు ఏది పోసుకున్నా ముందు ఎడమ చేతి వేలితో గ్లాసు అంచు తాకి చూసుకుని పోసుకునేవారు. వీధిలో నడుస్తూ ఎదురుగా సైకిలు వస్తే ఉలిక్కిపడి ఆగిపోయేవారు. "నాన్నకు పిరికితనం పట్టుకుంది" అని అమ్మతో అన్నాను. అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

యాభై ఏళ్ళ తరువాత ఒక నేత్రవైద్య గ్రంథంలో ఆ మజ్జిగకూ ఆ సైకిలుకూ సమాధానం దొరికింది. కటకం ఉండవలసిన చోటు కంటి లోపల. దానిని తీసివేసి, అంత బలమైన కటకాన్ని ముక్కు మీద, కంటికి అరంగుళం ముందు పెడితే ప్రతి వస్తువూ నాలుగో వంతుకు పైగా పెద్దదై కనబడుతుంది. పెద్దదైనది దగ్గరైనట్లు తోస్తుంది. ఆయన చెయ్యి గ్లాసు ఉన్నట్లు కనబడిన చోటికే పోయింది. అంతేకాదు, ఆ మందపు అద్దం అంచున కాంతి వంగిపోయి, చూపు చుట్టూ వలయాకారంలో ఏమీ కనబడని పట్టీ ఒకటి ఏర్పడుతుంది. పక్కనుండి వచ్చే సైకిలు ఆ పట్టీలో పడి మాయమై, హఠాత్తుగా ఎదుట ప్రత్యక్షమవుతుంది. ఆయన పిరికివారు కారు. ఆయన చూసిన సైకిలు శూన్యంలోనుండి వచ్చింది.

రెండవ కంటికి శస్త్రచికిత్స వద్దని ఆయన పట్టుబట్టారు. ఒక కన్ను అద్దంతో పెద్దగా చూస్తుంటే, రెండవది మామూలుగా చూస్తూ ఉంటే మెదడు ఆ రెండు బొమ్మలనూ కలపలేదు. ఆ చికాకు ఆయన ఎవరికీ వివరించలేకపోయారు. "ఒకటి చాలురా" అన్నారు. 1984లో పోయారు.

ఇందులో నన్ను బాధించే సంగతి ఒకటున్నది. నాన్నగారు ఇసుక మూటల మధ్య పడుకున్ననాటికి, కంటిలోనే కటకం పెట్టవచ్చునని లోకానికి తెలిసి ఇరవై ఏళ్ళు దాటింది.

దానికి మూలపురుషుడు హెరాల్డ్ రిడ్లీ, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి నేత్రవైద్యుడు. 1940 ఆగస్టులో గోర్డన్ క్లీవర్ అనే యుద్ధ విమాన చోదకుని విమానం మీద గుళ్ళు తగిలి, పైకప్పు పగిలి, ఆ పారదర్శకపు ప్లాస్టిక్ ముక్కలు రెండు కళ్ళలోనూ గుచ్చుకున్నాయి. (ఆయన నడిపినది స్పిట్‌ఫైర్ అని చాలాచోట్ల రాస్తారు. కాదు, హరికేన్.) ఒక కన్ను పోయింది. రెండవ కంటిలో ముక్కలు అలాగే ఉండిపోయినా కన్ను వాటిని పరాయివని తిరస్కరించలేదు. మాంసంలో ముల్లు విరిగితే చీము పడుతుందని మనకు తెలుసు. ఈ ముక్కలకు చీము లేదు, వాపు లేదు. రిడ్లీ ఈ సంగతిని మనసులో దాచుకున్నాడు. యుద్ధానంతరం ఒకనాడు ఆయన శుక్లం తీస్తుండగా చూస్తున్న విద్యార్థి ఒకడు, తీసిన కటకం స్థానంలో ఇంకొకటి పెట్టరా అని అడిగాడట. నలభై ఏళ్ళు తరగతి గదిలో గడిపినవాడిని కనుక ఈ విద్యార్థి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. అటువంటి ప్రశ్న వేసిన పిల్లవాణ్ణి మేము సాధారణంగా కూర్చోమనేవాళ్ళం.

రేనర్ అనే అద్దాల కంపెనీ కటకం చేసి ఇచ్చింది. 1949 నవంబరు 29న నలభై అయిదేళ్ళ ఒక స్త్రీ కంటిలో దానిని మొదటిసారి పెట్టి చూశారు. 1950 ఫిబ్రవరిలో స్థిరంగా అమర్చారు. ఇక్కడ రిడ్లీ చేసిన తెలివైన పని, సంచిని మొత్తంగా తీయకుండా వెనుక పొరను అలాగే ఉంచి, దానిని ఆసరాగా వాడుకోవడం. నాన్నగారికి చేసిన పద్ధతిలో ఆ ఆసరా ఉండదు. అందుకనే తరువాతి రోజులలో కటకం అమర్చాలనుకున్నప్పుడు మన వైద్యులు మొత్తం పద్ధతినే మార్చుకోవలసి వచ్చింది.

కటకం కంటిలో నిలిచింది. చూపు మాత్రం? ఆ స్త్రీకి 18 డయాప్టర్ల హ్రస్వదృష్టి మిగిలింది. సహజ కటకపు వంపులనే ప్లాస్టిక్కులో దించారు గాని, ఆ పదార్థం కాంతిని అంతకంటె ఎక్కువగా వంచుతుంది. తరువాతి కటకాలలో ఆ లెక్క సరిచేశారు.

రిడ్లీ ఈ పనిని గుట్టుగా ఉంచాడు. గుట్టు బయటపడిన తీరు కథలలో వచ్చేదే. లండనులో ఫ్రెడరిక్ రిడ్లీ అనే మరొక నేత్రవైద్యుడు ఉండేవాడు. ఒక రోగి ఇంటిపేరు చూసి పొరబాటున ఆయన దగ్గరకు పోయాడు. ఇక దాచి లాభం లేక, 1951 జూలైలో ఆక్స్‌ఫర్డ్ సభలో హెరాల్డ్ రిడ్లీ తన రోగులతో సహా వెళ్ళి ప్రకటించాడు. ఆనాటి నేత్రవైద్య చక్రవర్తి డ్యూక్-ఎల్డర్ ఆ రోగుల కళ్ళలోకి చూడడానికి కూడా అంగీకరించలేదు. కంటినుండి పరాయి వస్తువును తీసేవాడు వైద్యుడు గాని, పెట్టేవాడా అన్నది వాదం. వాదంలో పట్టు లేకపోలేదు. ఆ తొలి కటకాలు బరువైనవి, 8 మిల్లీమీటర్లకు మించిన వ్యాసం కలవి, కొన్ని జారిపోయాయి, కొన్ని కళ్ళు వాచాయి. 1950లలో ఇతరులు కంటి ముందు గదిలో పెట్టిన రకాలు ఇంకా హాని చేశాయి. అమెరికా ప్రభుత్వం ఇటువంటి కటకాలకు ఆమోదం తెలపడం 1981లోనే. రిడ్లీకి సర్ బిరుదు వచ్చినది 2000లో, ఆయన తొంభయ్యో పడి దాటిన తరువాత. అంతకు పదేళ్ళ ముందే ఆయన రెండు కళ్ళలోనూ తాను కనిపెట్టిన వస్తువునే, తన ఆసుపత్రిలోనే, అమర్చారు. గోర్డన్ క్లీవర్‌కు మిగిలిన కంటికి శుక్లం వచ్చినప్పుడు అతనికీ అదే.

ఆ తరువాతి కథ త్వరగా చెబుతాను. న్యూయార్కులో చార్లెస్ కెల్మన్ దంతవైద్యుని కుర్చీలో కూర్చుని, పళ్ళు శుభ్రం చేసే అతిధ్వని పరికరాన్ని చూసి, దానితో శుక్లాన్ని లోపలే పొడి చేసి పీల్చివేయవచ్చని 1967లో చేసి చూపాడు. మూడు మిల్లీమీటర్ల గాటు చాలింది. కానీ ఆరు మిల్లీమీటర్ల గట్టి కటకం దూర్చడానికి మళ్ళీ ఆ గాటును వెడల్పు చేయాలి. ఇది ఎలుక బొక్కలో ఏనుగును దూర్చినట్లే. 1984లో అమెరికాలో థామస్ మజాకో మడత పెట్టే సిలికోను కటకం అమర్చాడు. అదే సంవత్సరం మా నాన్నగారు పోయారు. ఆ తరువాత మెత్తని ఆక్రిలిక్ వచ్చింది. మనవైపు, 1976లో పదకొండు పడకలతో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించిన డాక్టర్ జి. వెంకటస్వామిగారు, కీళ్ళవాతంతో వంకరలు పోయిన వేళ్ళతోనే శస్త్రచికిత్సలు చేసిన మహానుభావుడు. దిగుమతి కటకం ధర పేదవారికి అందదని 1992లో ఆరోల్యాబ్ పేరిట అక్కడే తయారు చేయించడం మొదలుపెట్టారు. వంద డాలర్లకు పైగా ఉన్నది పది డాలర్లకు, ఆపైన ఇంకా కిందికి దిగింది. హైదరాబాదులో 1987లో ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వెలిసింది. సినిమా దర్శకుని పేరు కంటి ఆసుపత్రికి ఉండడం నాకు ఎప్పుడూ ఇష్టమే, రెండూ చూపు వ్యవహారాలే కదా. మా ఊళ్ళలో సోడాబుడ్డి అద్దాలు ఏ ఏడు మాయమయ్యాయో ఎవరూ గమనించలేదు. మా బడి పిల్లలలో ఆ మాటకు అర్థం తెలిసినవారు నేను పదవీ విరమణ చేసేనాటికి ఇద్దరో ముగ్గురో.

ఇప్పుడు నా ఎడమ కంటికి వద్దాం.

ఆసుపత్రిలో ఒక అమ్మాయి భోజన హోటలు పట్టిక వంటి అట్ట నా ముందుంచింది. ఒకే దూరానికి కుదిర్చిన కటకం, మధ్యరకం, మూడు దూరాలకూ పనికివచ్చేది. ధరలు ఆ క్రమంలో. "మూడోది తీసుకుంటే అద్దాలే అక్కర్లేదు సార్" అన్నది. "దాని వలన పోయేదేమిటమ్మా?" అని అడిగాను. ఆమెకు నేర్పిన పాఠంలో ఆ ప్రశ్న లేదు.

పోయేది ఉన్నది. బహుదృష్టి కటకం మీద గ్రామఫోను రికార్డు గాడులవలె సన్నని వలయాలుంటాయి. వచ్చిన కాంతిని అవి పంచుతాయి. రెండు దూరాల కటకంలో సమానంగా పంచితే ఒక్కొక్క దూరానికి సుమారు 41 శాతం చేరి, మిగిలిన 18 శాతం ఎటూ కాకుండా పోతుంది. మూడు దూరాలయితే వాటాలు ఇంకా చిన్నవి. ఒక బొమ్మ స్పష్టంగా ఉండగా, దాని వెనుక అస్పష్టమైన రెండవ బొమ్మ పొగవలె పరచుకుని ఉంటుంది. పట్టపగలు అది తెలియదు. మా బావగారు, అంటే మా ఇంటావిడ అన్నగారు, మూడేళ్ళ కిందట ఆ రకమే వేయించుకున్నారు. పేపరు అద్దాలు లేకుండా చదువుతారు, చేతిఫోను చూస్తారు. రాత్రి బస్సు కిటికీలోనుండి చూస్తే ప్రతి దీపం చుట్టూ చంద్రునికి గుడి కట్టినట్లు వలయాలు కనబడతాయట. "అలవాటయిపోయింది బావగారూ, దీపావళి ఏడాది పొడుగునా" అని నవ్వుతారు. ఆయన సంతోషంగానే ఉన్నారు. ఆయనకు అదే సరి.

నా కుడి కంటిలో ఉన్నది ఒకే దూరపు కటకం. దానికీ లోపాలున్నాయి. మొదటి వారాలలో కణత వైపు గోటి ముక్కంత నల్లని నీడ కనబడేది. కటకం అంచును చదరంగా చేయడం వలన వచ్చే నీడ అదని, ఆ చదరపు అంచే వెనుక పొర మసకబారకుండా కాపాడుతుందని వైద్యులు చెప్పారు. ఇప్పుడది వెతికితేనే కనబడుతుంది. పుస్తకం చదవాలంటే అద్దాలు తప్పవు. కానీ అద్దాలు పెట్టుకున్నాక ఆ అక్షరం! నల్లనిది నల్లగా, తెల్లనిది తెల్లగా.

"మాస్టారూ, మీరు ఎక్కువగా ఏం చదువుతారు?" అని వైద్యుడు అడిగారు. అట్ట చూపించేముందు అడగవలసిన ప్రశ్న అదేననిపించింది. నేను చదివేవి ఎనభై, తొంభై ఏళ్ళ నాటి అచ్చు పుస్తకాలు. కాగితం గోధుమ రంగుకు తిరిగింది, సిరా వెలిసిపోయింది, వత్తులు సగం పడలేదు. అక్షరానికీ కాగితానికీ మధ్య ఉన్న తేడా అంతంత మాత్రం. ఆ కొంచెం తేడాను మూడు వాటాలు వేసుకుంటే నాకు మిగిలేదేమీ ఉండదు. ఆ మాటే చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, ఎడమ కంటికి కూడా ఒకే దూరపు కటకమే వేసి, దాని శక్తిని దూరానికి గాక చదివే దూరానికి దగ్గరగా కుదురుద్దామన్నారు. కుడి కన్ను వీధికి, ఎడమ కన్ను పుస్తకానికి. రెండు కళ్ళ మధ్య తేడా ఒకటిన్నర డయాప్టరు. అంతమాత్రం తేడాను మెదడు సర్దుకోగలదట. ముందుగా ఎడమ కన్ను ముందు తాత్కాలికంగా ఒక అద్దం పెట్టి మూడు రోజులు ఇంట్లో తిరగమన్నారు. తిరిగాను. రెండు మెట్లు దిగేటప్పుడు తడబడ్డాను, మూడో రోజుకు సర్దుకున్నది.

నాన్నగారి సోడాబుడ్డి అద్దాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి, ఒక రేకు డబ్బాలో, ఆయన భాగవతం పక్కన. ఒక కొక్కెం విరిగి దారం కట్టి ఉన్నది. మొన్న వాటిని తీసి కంటికి అరంగుళం ముందు పట్టుకుని, మజ్జిగ గ్లాసు వైపు చెయ్యి చాచి చూశాను. నా కంటిలో కటకం ఉన్నది కనుక నాకంతా అలుక్కుపోయినట్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన చూసినది నేను చూడలేను.

ఎడమ కంటికి వచ్చే నెలలో తేదీ ఇచ్చారు. ఈలోగా ఆయన భాగవతంలో అష్టమ స్కంధం ఎడమ కంటితో ఒకసారి చదివి ముగించాలనుకుంటున్నాను. పసుపు కాగితం, పసుపు కన్ను. రోజుకు నాలుగు పుటలు నడుస్తున్నాయి.